లఘూకరణం: ఉచితమూ, ఔచిత్యమూ



సంస్కృతంలో ‘ఉచితము’ అంటే తగినది, యుక్తమైనది అని అర్థం. వెల లేకుండా దొరికేది అనే అర్థం మన తెలుగులోనూ పొరుగున కన్నడంలోనూ స్థిరపడింది గాని, హిందీవారికి నేటికీ ‘ఉచిత్’ అంటే తగినదే. బడిలో ఉన్నన్నాళ్ళూ ఈ అర్థవిపరిణామాన్ని పిల్లలకు చెబుతూనే వచ్చాను. (ఉచిత పాఠ్యపుస్తకాలు పంచిన రోజున చెబితే బాగా గుర్తుంటుంది!) ఇప్పుడు ఉద్యోగ విరమణ చేసి, హబ్సిగూడలో ఇంటిపట్టున కూర్చుని, అంతర్జాలంలో పెట్టడానికి వీలుగా బొమ్మలను చిన్నవి చేసే ఉచిత పనిముట్లను ఒక్కొక్కటే పరీక్షిస్తుంటే ఆ రెండర్థాలూ ఒకదానినొకటి నిలదీస్తున్నట్లు అనిపిస్తోంది. వెల లేనివి కొల్లలుగా దొరుకుతున్నాయి. అందులో తగినదేదో ఏరుకోవడమే కష్టం.

ఈ పరీక్షకు కారణం ఒక నోటు పుస్తకం.

ప్రాచ్య కళాశాలలో మాకు ఛందస్సు చెప్పిన గురువుగారు 2011లో కాలధర్మం చెందారు. పాఠం చెప్పడానికి ఆయన తయారు చేసుకున్న నోటు పుస్తకం ఒకటి, 192 పుటలది, వారి అమ్మాయిగారి వద్ద ఉంది. ఆవిడ నాకంటె పెద్దవారు. నేను అక్కయ్యగారూ అంటాను, ఆవిడ తమ్ముడూ అంటారు. మొన్న తెనాలి వెళ్ళినప్పుడు “కాగితం పొడిపొడిగా రాలిపోతోంది తమ్ముడూ, ఏం చేయగలవో చూడు. మళ్ళీ తెచ్చి నా చేతికే ఇవ్వాలి సుమా” అని పాత చీర ముక్కలో చుట్టి ఇచ్చారు. పద్యపాదాలు సిరాతో రాసినవి; అవి చెక్కుచెదరలేదు. వాటి నెత్తిన గురులఘువుల గుర్తులు మాత్రం పెన్సిలుతో పెట్టినవి. గురువుకు గిన్నెవంటి వంపు, లఘువుకు సన్నని నిలువు గీత. ఆ పెన్సిలు గుర్తులే ఆ పుస్తకానికి ప్రాణం. పద్యాలు అచ్చు పుస్తకాలలో దొరుకుతాయి. యతి ఏ అక్షరం దగ్గర ఎలా చెల్లిందో, ఎక్కడ విద్యార్థి తడబడతాడో అంచున ఆయన గీసి చూపిన తీరు మరెక్కడా దొరకదు.

ఎనిమిదో నంబరు వీధిలోని జిరాక్సు దుకాణం అబ్బాయి పుటకింత అని ధర చెప్పాడు గాని, యంత్రం మూత కింద అదిమితే ఆ పుస్తకం వెన్ను విరగడం ఖాయం. అందుచేత కిటికీ పక్కన బల్ల వేసి, ఉదయపు వెలుతురు పక్కనుంచి పడుతుండగా, ఫోనుతోనే ఒక్కొక్క పుటా తీస్తున్నాను. తీయడం సులువు. చిక్కంతా వాటిని నలుగురికీ చూపదగిన పరిమాణానికి తేవడంలోనే ఉంది.

లెక్క చూడండి. నా ఫోను తీసే చిత్రం ఒకవైపు 4000 చుక్కలు, మరొకవైపు 3000. మొత్తం ఒక కోటీ ఇరవై లక్షల చుక్కలు. ఒక్కొక్క చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలు దాచాలి కనుక, ఉన్నదున్నట్లు దాస్తే 36 మెగాబైట్లు. ఫోను దానిని కుదించి నాలుగు మెగాబైట్లకు తెస్తుంది. మన పుటలో 800 చుక్కల బొమ్మ చాలనుకున్నామనుకోండి. 4000ను 800 చేయడమంటే అయిదో వంతు చేయడమే కదా అనిపిస్తుంది. అడ్డమూ నిలువూ రెండూ అయిదో వంతు అయినప్పుడు మిగిలేది ఇరవై అయిదో వంతు. ప్రతి 25 చుక్కల స్థానంలోనూ ఒక్కటే నిలబడి ఆ పాతికమంది సంగతీ తానే చెప్పాలి.

ఇక్కడొక చమత్కారం ఉంది. లఘూకరణంలో మొదట పోయేవి లఘువులే! పెన్సిలు నిలువు గీత మందం అసలు చిత్రంలో ఆరేడు చుక్కలు. అయిదో వంతుకు దిగేసరికి ఒకటీ అరా. అదీ చుట్టూ ఉన్న కాగితపు రంగుతో కలిసి వెలిసిపోయి ఉంటుంది. గురువు గుర్తు కాస్త విశాలమైనది కాబట్టి ఆనవాలు మిగులుతుంది. గురువులు మాత్రమే మిగిలిన పాదానికి గణవిభజన ఎవరు చేయగలరు?

మా వీధిలో సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసి విరమించిన మిత్రులొకరున్నారు. (ఉప్పల్‌లో ఆ శాఖవారి ప్రాంగణమూ శిక్షణ సంస్థా ఉన్న సంగతి ఈ వైపువారికి తెలిసినదే.) సాయంకాలపు నడకలో ఈ బాధ చెప్పుకుంటే ఆయన నవ్వి, “మాస్టారూ, మేం జీవితమంతా చేసిన పని అదే” అన్నారు. యాభై వేలకు ఒకటి చొప్పున గీసిన పటంలో ఒక సెంటీమీటరు అర కిలోమీటరుకు సమానం. దానినుంచి రెండున్నర లక్షలకు ఒకటి చొప్పున పటం తయారు చేయాలంటే అది కూడా అయిదో వంతే. నా నోటు పుస్తకం లెక్కే! కాని వారు పటాన్ని ఊరక కుదించరట. కుదిస్తే రోడ్లు వెంట్రుకలవుతాయి, ఊళ్ళ పేర్లు చీమలబారులవుతాయి. అందుకని బావులను, చిన్న కుంటలను వదిలేస్తారు; దగ్గర దగ్గర ఇళ్ళను ఒక్క మచ్చగా చూపుతారు; రోడ్డును మాత్రం దాని అసలు వెడల్పుకంటె లావుగానే గీస్తారు. ఏది పోవచ్చునో, ఏది పోరాదో మనిషి కూర్చుని నిర్ణయిస్తాడు. “మీ కంప్యూటరుకు బావికీ ఊరికీ తేడా తెలియదు కదా” అన్నారాయన.

ఆ మాట నాకు బాగా పట్టుకుంది. పెన్సిలు గీతల మీద నేను మళ్ళీ గీయలేను. అది గురువుగారి చేతిరాతను చెరపడమే అవుతుంది. చేయగలిగినది వేరే ఉంది. కుదించడానికి ముందే బొమ్మలో వెలుగునీడల స్థాయిలను సవరించి, గోధుమరంగు కాగితాన్ని తెలుపు వైపు, పెన్సిలును నలుపు వైపు జరపవచ్చు. పుట అంచులను, బల్లనూ కత్తిరించి పారేయవచ్చు. 800 చాలదనుకుని 1600 దగ్గర ఆగవచ్చు. మరీ సూక్ష్మంగా ఉన్నచోట ఆ ఒక్క పాదాన్నే విడిగా కోసి, కుదించకుండా పక్కన పెట్టవచ్చు. ఇవన్నీ చేశాక లఘువులు నిలబడ్డాయి.

తరువాతి ప్రశ్న ఏ రూపంలో భద్రపరచాలన్నది. మనలో చాలామంది అన్నింటినీ జెపెగ్‌లోనే దాస్తారు. దాని లోపల జరిగే పని ముచ్చటైనది. బొమ్మను అడ్డం 8, నిలువు 8 చుక్కల గళ్ళుగా విడగొడుతుంది. ఆ 64 చుక్కలనూ చుక్కలుగా కాక, మెల్లగా మారే అలలూ గబగబా మారే అలలూ ఎన్నేసి పాళ్ళు కలిస్తే ఆ గడి ఏర్పడుతుందో లెక్క కట్టి, గబగబా మారేవాటిని మన కన్ను ఎలాగూ అంతగా పట్టించుకోదని మోటుగా కత్తిరిస్తుంది. ఈ లెక్కకు మూలమైన డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అనే గణితపద్ధతిని ప్రకటించిన వ్యాసం 1974 జనవరిలో అచ్చయింది. రాసినవారు ముగ్గురు: బెంగుళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్, ఆయన శిష్యుడు టి. నటరాజన్, టెక్సస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ శాఖలో ఆచార్యులు కె.ఆర్. రావు. రావుగారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. ఇంటిపేరు వినగానే మనవారని చెప్పనక్కరలేదు. అహ్మద్‌గారు 1972లో ఈ ఆలోచనతో అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను ధనసహాయం అడిగితే వారు ఇవ్వలేదు. ఇరవై ఏళ్ళకు, 1992లో, జెపెగ్ ప్రమాణం దాని మీదే నిలబడింది. రావుగారు 2021లో పరమపదించారు. మన ఇళ్ళలో ప్రతి పెళ్ళి ఫోటో ఆయన లెక్క గుండానే వస్తోంది. ఎందరు తెలుగువాళ్ళకు తెలుసు?

ముఖాలకు, మబ్బులకు, వరిచేలకు ఆ పద్ధతికి సాటి లేదు. అక్షరానికి మాత్రం అది కీడు చేస్తుంది. తెల్లకాగితం మీద నల్లగీత అంటేనే గబగబా మారేది. దానిని కత్తిరిస్తే అక్షరం చుట్టూ మసకమసకగా మరకలు ముసురుతాయి. (ఇంజనీర్లు దీనికి దోమల రొద అని పేరు పెట్టారట.) తెరిచి మళ్ళీ దాచినప్పుడల్లా ఇంకొంత నష్టం. మన తెలుగులో ఇది ఎంత ప్రమాదమో చెప్పడానికి ఒక్క మాట చాలు. థకారానికీ ధకారానికీ తేడా కడుపులోని చుక్క. ఒత్తులోనూ అంతే. ఆ చుక్క మరకలో కలిసిపోయిందా, ‘అర్థము’ కాస్తా ‘అర్ధము’ అవుతుంది. ముప్ఫయ్యేళ్ళు పిల్లల జవాబుపత్రాలలో ఆ చుక్కకోసం ఎర్రసిరాతో పోరాడినవాణ్ణి, యంత్రానికి ఎలా వదిలిపెడతాను!

ఇది వట్టి అనుమానం కాదు. 2013లో జర్మనీకి చెందిన డేవిడ్ క్రీసెల్, కొన్ని జిరాక్స్ స్కానర్లు కాగితం మీది 6ను 8గా మార్చేస్తున్నాయని కనిపెట్టి లోకానికి చాటారు. కుదింపుకోసం ఆ యంత్రం ఒకేలా కనిపించిన అక్షరపు ముక్కలన్నింటికీ ఒకే ముక్కను అతికిస్తోంది. మసక అయితే చదివేవాడు అనుమానిస్తాడు. అక్షరం స్పష్టంగా ఉండి తప్పయితే ఎవరు అనుమానిస్తారు?

కనుక రాత ఉన్న పుటలకు నేను పి.ఎన్.జి. రూపాన్నే వాడుతున్నాను. అది ఏ చుక్కనూ పారేయకుండా కుదిస్తుంది. జిఫ్ మీద పేటెంటు పేచీ వచ్చినప్పుడు, దానికి బదులుగా 1996లో వచ్చినది. పరిమాణం పెరుగుతుందని భయపడనక్కరలేదు. పెన్సిలు రాతకు కోటిన్నర రంగులెందుకు? తెలుపునుంచి నలుపువరకు 16 ఛాయలకు తగ్గిస్తే చాలు, బైట్లు వాటంతటవే తగ్గుతాయి.

ఇక పనిముట్లు. విండోస్ వాడేవారికి ఇర్ఫాన్‌వ్యూ. బోస్నియాకు చెందిన ఇర్ఫాన్ స్కిల్యాన్ 1996లో వెలువరించిన చిన్న సాఫ్ట్‌వేరు. రచయిత పేరే దాని పేరు. కంట్రోల్ పట్టి ఆర్ నొక్కితే కొలతలు అడుగుతుంది. అక్కడ నాణ్యమైన కుదింపును ఎంచుకుంటే, 25 చుక్కలలో ఏదో ఒకదానిని గుడ్డిగా ఏరకుండా చుట్టుపక్కలవాటినీ కలుపుకుని లెక్క కడుతుంది. బి నొక్కితే ఒక సంచిలోని పుటలన్నింటినీ వరుసగా కుదించి వేరే సంచిలో పెడుతుంది. నా 192 పుటలకు ప్రాణం లేచి వచ్చింది ఇక్కడే. సొంత వాడకానికి ఇది ఉచితం. అయితే దాని మూలసంకేతం మనకు కనబడదు.

వెలుగునీడలను సవరించడానికి, మరకలను పరిశీలించడానికి గింప్. బర్క్‌లీలో ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టగా 1996లో తొలిసారి విడుదలైంది. 2025 మార్చిలో 3.0 వచ్చింది. ఇది ఉచితమే కాదు, స్వేచ్ఛాసాఫ్ట్‌వేరు కూడా: దాని లోపలి రాతను ఎవరైనా చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. మన హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ ఆ పేరు పెట్టుకుని తెలుగులో కంప్యూటరు వ్యవస్థను తేవడానికి పాటుపడినది ఈ తేడాను చాటడానికే. వెల లేనిదంతా స్వేచ్ఛ కాదు. గింప్ మెనూలు మొదట బెదరగొడతాయి. నాకు నాలుగు మాత్రమే అవసరం: కత్తిరింపు, స్థాయిలు, కొలత, ఎగుమతి. తక్కినవాటి జోలికి పోలేదు.

బొమ్మ మీద తెలుగులో శీర్షిక రాయాలన్నా గింపే. మనం యూనికోడులో టైపు చేసుకున్న తెలుగును ఖరీదైన సాఫ్ట్‌వేర్లలో అతికిస్తే ఒత్తులు విడిపోయి, పక్కన కూర్చున్న రోజులు మీలో పాతవారికి గుర్తుండే ఉంటాయి. గింప్‌లో అక్షరాలను కూర్చే పనిని పాంగో, హర్ఫ్‌బజ్ అనే రెండు స్వేచ్ఛాసాఫ్ట్‌వేర్లు చూసుకుంటాయి. రెండవదాని పేరు పారసీకం. హర్ఫ్ అంటే అక్షరమని హైదరాబాదు వాడికి వేరే చెప్పాలా?

ఆజ్ఞలు టైపు చేయడానికి జంకనివారికి ఇమేజ్‌మేజిక్ ఉంది. ఒక్క వాక్యంతో వెయ్యి బొమ్మలు కుదించవచ్చు. అందులోని మోగ్రిఫై అనే ఆజ్ఞతో మాత్రం జాగ్రత్త. వేరే చోటు చూపకపోతే అది మూలచిత్రం మీదనే రాసేస్తుంది. అసలు పోయి నకలు మిగులుతుంది.

ఏదీ స్థాపించుకోనక్కరలేకుండా ‘బొమ్మను ఇక్కడికి ఎక్కించండి, చిన్నది చేసి ఇస్తాం’ అనే చోట్లు లెక్కలేనన్ని ఉన్నాయి. ఉచితమే. కాని బొమ్మ మన ఇల్లు దాటి ఎక్కడికో వెళుతోంది. ఫోనులో అనుమతి ఇచ్చి ఉంటే, తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఆ బొమ్మలో దాగి ఉంటుంది. బడిపిల్లల ఫోటోల విషయంలో ఇది నాకు ససేమిరా ఇష్టం లేదు. ఆ తరహాలో నాకు నచ్చినది 2018లో గూగుల్ క్రోమ్ బృందంవారు చేసిన స్క్వూష్ ఒక్కటే. అది బ్రౌజరులోనే, మన కంప్యూటరు మీదనే పని ముగిస్తుంది. కుదించక ముందూ తరువాతా బొమ్మ ఎలా ఉందో మధ్యలో ఒక గీత జరిపి చూపిస్తుంది. లఘువు ఎక్కడ మాయమవుతోందో ఆ గీత జరిపితే తెలిసిపోతుంది.

పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో క్షేమేంద్రుడు ఔచిత్యమే కావ్యానికి జీవమని వాదించాడు. మెడలో మొలనూలు, నడుముకు ముత్యాలహారం ధరిస్తే ఎవరు నవ్వరు అని ఆయన ప్రశ్న. చేతిరాతకు జెపెగ్, పెళ్ళి ఫోటోకు పి.ఎన్.జి. కూడా ఆ జాబితాలోవే.

ఇంతకంటె పెద్ద పేచీ ఒకటి మా సహాధ్యాయుల మధ్య నడుస్తోంది. 2008లో గురువుగారికి చిన్న సన్మానసభ జరిగింది. ఆ ఫోటోను మాలో ఒకరు అప్పట్లోనే అంతర్జాలంలో పెట్టారు: అడ్డం 200, నిలువు 150 చుక్కలు. ఆ రోజుల్లో అదే మర్యాద. డయలప్ మీద సెకనుకు 56 కిలోబిట్ల వేగం నిజంగా దక్కినా, మూడు వందల కిలోబైట్ల బొమ్మ దిగడానికి ముప్పావు నిమిషం పట్టేది. పికాసా వెబ్ ఆల్బమ్‌లో ఉచితంగా ఇచ్చే స్థలం ఒక గిగాబైటు. (ఆ పికాసా కూడా 2016లో వెళ్ళిపోయింది.) అసలు చిత్రాలున్న హార్డ్ డిస్కు ఆ తరువాత పాడైపోయింది. గురువుగారి చివరి ఫోటోగా మాకు మిగిలినది ఆ 200 చుక్కల బొమ్మే. వేదిక మీద ఏడుగురున్నారు. పెద్దది చేసి లెక్కపెట్టి చూశాను. గురువుగారి ముఖం 14 చుక్కల వెడల్పు, 18 చుక్కల ఎత్తు. మొత్తం 252 చుక్కలు.

“తాతయ్యా, దీన్ని పెద్దది చేసే పనిముట్లు ఇప్పుడు ఉచితంగా వస్తున్నాయి” అని మా మనవరాలు కృత్రిమ మేధతో పనిచేసే సాఫ్ట్‌వేరు ఒకటి దింపుకుని, రెండు నిమిషాలలో చేసి చూపింది. కనుబొమలు, పంచె అంచు, నుదుటి ముడతలు, అన్నీ తీర్చిదిద్దినట్లున్నాయి. ఎవరో పెద్దమనిషి. మా గురువుగారు మాత్రం కాదు. ఆయన ఎడమ కనుబొమను చీలుస్తూ ఒక పాత గాయపు మచ్చ ఉండేది. ఆ మచ్చ 252 చుక్కలలో లేదు. లేనిదానిని యంత్రం ఎక్కడినుంచి తెస్తుంది? లక్షల ముఖాలు చూసి నేర్చుకున్నది కాబట్టి అక్కడ ఉండదగినదేదో ఊహించి అతికించింది. శిథిలమైన తాళపత్రంలో లుప్తమైన పాదాన్ని పరిష్కర్త తానే పూరించి, కుండలీకరణాలు పెట్టకుండా అచ్చు వేయడం వంటిది ఇది.

శతజయంతి సంచిక ముఖచిత్రంగా ఆ పెద్దబొమ్మనే వేయాలని మిత్రులలో ఎక్కువమంది పట్టుబడుతున్నారు. “కుర్రకారుకు ఆయన ఎలా ఉండేవారో తెలియాలి కదా పంతులుగారూ, మసక బొమ్మ వేస్తే ఏం బాగుంటుంది?” అని వారి వాదన. ఆయన ఎలా ఉండేవారో తెలియాలన్న కోరికతోనే నేను కాదంటున్నాను. తపాలాబిళ్ళంత వేసినా సరే, ఆ 200 చుక్కల బొమ్మనే వేయమన్నాను. అక్కయ్యగారికి రెండూ పంపాను. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది మళ్ళీ కుదిస్తుంది కాబట్టి డాక్యుమెంటుగా పంపాను. ఆవిడ పెద్దబొమ్మను చూసి, “ఈయనెవరు తమ్ముడూ?” అని అడిగారు. ఆ మాట సంపాదకవర్గానికి చేరవేశాను. ఇంకా ఏమీ తేల్చలేదు.

నోటు పుస్తకం పని ద్విపద దాటి సీసం దాకా వచ్చింది. నాలుగు మెగాబైట్ల అసలు చిత్రాలన్నింటినీ ఎక్కడా తాకకుండా రెండు వేర్వేరు డిస్కులలో దాస్తున్నాను. ఒకటి అక్కయ్యగారికే ఇచ్చేస్తాను. 192 పుటలూ కలిపి 800 మెగాబైట్లు కూడా కావు. చిన్నవి చేసిన పుటలను వరుసగా ఇక్కడ పెడతాను. సీసపద్యాల పుటలు కొన్నింటిని పురుగు తొలిచింది. ఆ కన్నాలను గింప్‌లో పూడ్చడం అయిదు నిమిషాల పని. పూడ్చడం లేదు.